వెంకటరమణమ్మ కుడిచెయ్యి

పలివెలలో ఆ ఉదయం వెంకటరమణమ్మ కాఫీ తాగి, కోడలి ఆసుపత్రి సంచిలో కొత్త మట్టిపిడత, పసుపు, కళ్ళుప్పు సర్దుతోంది. మర్నాడు హారికకు ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తారు. బిడ్డతోపాటు వచ్చే మాయను పిడతలో తెచ్చి పెరట్లో పాతడం ఆ ఇంటి ఆచారం.

"పిడత వద్దండి అత్తయ్యగారూ. మాయ ఆసుపత్రికే ఇచ్చేస్తానని చెప్పేను," అంది హారిక.

"ఇచ్చేస్తావా? ఎందుకూ, కుక్కలకెయ్యడానికా?"

"కాలిన పుళ్ళకండి. మాయ మీదుండే పల్చటి పొరని శుభ్రంచేసి పుండు మీద కప్పుతారు. అందులో చర్మాన్ని పెంచే గుణం ఉందటండి. మూలకణాలంటారు."

వెంకటరమణమ్మకు ఒళ్ళు మండిపోయింది. పురుడొచ్చిన ఇంట్లో మంచినీళ్ళైనా ముట్టని మనిషి ఆవిడ.

"నా మనవడి మాయ ఏ కులంవాడి పుండుకో అతికిస్తావా? మీ పుట్టింట్లో ఇదేనా నేర్పింది? అంత సరదాగా ఉంటే రేపు ఆసుపత్రి నుంచి అటే పో. నా గడప తొక్కకు."

కేకలు విని కొడుకు అనిల్ కుమార్ వీధిగదిలోంచి వచ్చాడు. "అమ్మా, ఊరుకో."

ఆవిడ ఊరుకునే రకం కాదు. "నాకు కాలలేదేంట్రా? కార్తీకమాసంలో గారెల మూకుడు ఒరిగి మోచెయ్యి దాకా ఉడికిపోతే, ఎవరి మాయా అక్కర్లేకుండానే మానింది. కొప్పేశ్వరుడి దయ!" అంటూ ఊరందరికీ చూపించినట్టే వాళ్ళకీ కుడిచెయ్యి చాపి చూపించింది.

అనిల్ తల దించుకున్నాడు. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది హారిక.

"వద్దు హారికా."

"గడప తొక్కొద్దన్నాక ఇంకా దాపరికం ఎందుకండి? అత్తయ్యగారూ, కాకినాడ ఆసుపత్రిలో మీ చేతికి కప్పింది అదేనండి. మీకు మత్తిచ్చేరు, మీ అబ్బాయే సంతకం పెట్టేరు. తెలిస్తే తిండి మానేస్తారని నా నోరు నొక్కేరు."

వెంకటరమణమ్మ కొడుకు వంక చూసింది. వాడు అవునన్నట్టు తలూపాడు.

"ఈ చేత్తోనే ఇన్నాళ్ళూ దేవుడికి దీపం పెట్టనిచ్చేవుట్రా!" అని అరిచి, పెరట్లోకి పరుగెత్తి, కుళాయి కింద కొబ్బరిపీచుతో చెయ్యి బరబరా తోమేసుకుంది. లేత చర్మం ఎర్రగా కంది, ఒకచోట రక్తం చిమ్మింది.

హారిక నిండుకడుపుతో ఆయాసపడుతూ వచ్చి ఆవిడ మణికట్టు పట్టుకుంది. "గీక్కోకండి! ఎవరో నాలాగే కడుపు కోయించుకుని ఇచ్చిందండి. ఎవరికేస్తారు, ఏ కులం అని అడక్కుండా ఇచ్చింది."

పీచు చేతిలోంచి జారిపోయింది. వెంకటరమణమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎవరే ఆ పిల్ల?"

"చెప్పరండి."

"బిడ్డ... బాగానే ఉందంటావా?"

"అదీ చెప్పరండి."

ఆవిడ అక్కడే చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అంత చేసిన తల్లికి పురిటి చీరైనా పెట్టలేకపోయానే అని బాధ. కాసేపటికి కొంగుతో చెయ్యి అద్దుకుంటూ కోడలితో అంది:

"ఇచ్చెయ్యవే. కానీ ఎవరికేస్తారో వాళ్ళకి చెప్పొద్దను. నాలాంటి మొండిదైతే గీక్కుంటుంది."