ఎడమ మూల చెక్కలు

ఆ ఫంక్షన్ హాలు స్టేజీ మీద ఎడమ మూల ఎవరూ నిలబడరు. నిలబడరంటే నిలబడరు, అంతే. అక్కడ ఎప్పుడూ మనిషెత్తు పూలకుండీ ఒకటి ఉంటుంది. ఎప్పుడో ఒక పెళ్లిలో, సరిగ్గా ఆ మూల బేస్ గిటార్ వాయిస్తున్నవాడు షాక్ కొట్టి పోయాడట — పాట మధ్యలో, అందరితో కలిసి అందుకోవాల్సిన చోట... అందుకోకుండానే.

తర్వాత ఆ చెక్క స్టేజీ అంతా పగలగొట్టి సిమెంటు పోశారు. ఆ మూల చెక్కలు పీకడానికి మాత్రం ఒక్క పనివాడూ ఒప్పుకోలేదు. కింద ఎవరో లెక్కపెడుతున్నారన్నారు. ఒకటి... రెండు... మూడు... నాలుగు.

నేను విని నవ్వాను. అప్పట్లో నా గొంతు సంగతి మీకు తెలియదు కాబట్టి చెబుతున్నా — నేను పై స్వరం అందుకుంటే వంటవాళ్లు గరిటెలు కింద పడేసి బయటికొచ్చేవాళ్లు. ఒక పెళ్లిలో నా పాటకి పెళ్లికొడుకు ఏడ్చాడు. పెళ్లికూతురు అంతకంటే ఎక్కువ ఏడ్చింది, నేను ముందే ఎందుకు కనబడలేదని! సరే, అది వేరే కథ.

మా బ్యాండులో బేస్ గిటార్ బాబాయ్‌ది. వరసకి ఎవరికీ బాబాయ్ కాదు, పిలుపుకి అందరికీ బాబాయే. ఇరవయ్యేడేళ్లుగా ఆ తీగలే ఆయన లోకం. బేస్ సరిగ్గా ఉన్నంతసేపూ దాన్ని ఎవరూ పట్టించుకోరు. తప్పిందా, డాన్సు చేసేవాళ్ల కాళ్లు తడబడతాయి. ఆ ఏడు బాబాయ్ తప్పుతున్నాడు.

డ్రమ్స్ వాయించే మాస్టారే మా బ్యాండుకి పెద్ద. ఆ సాయంత్రం వ్యానులోంచి సామాను దింపుతూనే అనేశాడు. "బాబాయ్, పోయిన పెళ్లిలో పాట అయిపోయాక కూడా నువ్వొక్కడివే ఊరేగావు. ఇవాళ ఒక్కచోట తప్పావో, రేపట్నుంచి నీ పని కీబోర్డాయన ఎడమచేత్తో కానిచ్చేస్తాడు."

బాబాయ్ తిన్నగా స్టేజీ ఎక్కి, పూలకుండీని రెండు చేతులా పట్టి పక్కకి ఈడ్చాడు. బూట్లు విప్పాడు. మేజోళ్లు విప్పాడు. ఆ చెక్కల మీద వట్టి కాళ్లతో నిలబడ్డాడు.

"ఏయ్ పెద్దాయనా! అది కుండీకిచ్చిన చోటు, మనిషిక్కాదు!" అని కేకేశాడు వాచ్‌మన్.

నేను వెనకనుంచి వెళ్లి, "బాబాయ్, ఎందుకీ మొండితనం?" అన్నా. పలకలేదు. మళ్లీ అన్నా. మూడోసారి నా అసలు గొంతుతో అన్నా — అంటే పక్కవీధిలో కుక్కలు లేచి కూర్చున్నాయన్నమాట. బాబాయ్ తల తిప్పలేదు.

ముందుకొచ్చి నిలబడ్డా. అప్పుడు నా పెదాలకేసి చూశాడు.

"వినపడదురా..."

గుసగుసలాడుతున్నాననుకున్నాడు పాపం, అరిచినంత పని చేశాడు. చప్పున ఆయన నోరు మూశా. నా అరచేతి వెనకనుంచే చెప్పాడు. "ఏడు నెలలైంది. మాస్టారి కాలు, కర్రలు చూసి నెట్టుకొస్తున్నా. ఇవాళ చూడు..."

చూశా. డెకరేషన్ వాళ్లు డ్రమ్స్ ముందు పూలతో గోడే కట్టేశారు. మాస్టారి జుట్టు తప్ప ఏమీ కనబడటం లేదు.

"సిమెంటు మీద నిలబడితే నా కాళ్లకేమీ తెలియదు. ఈ చెక్కల కింద డొల్ల. పెద్ద డ్రమ్ము మోగితే అదురుతుంది, పాదాల్లోకొస్తుంది. ఈ పని పోతే... పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో కూడా తెలియదురా నాకు."

"మరి... కింద ఉన్నవాడు?"

"వాడూ బేసేగా. ఏమీ అనడులే."

పాటలు మొదలయ్యాయి. ఒకటి కాదు రెండు కాదు, పదకొండు పాటలు! ఎక్కడా వేలు పెట్టడానికి లేదు. మాస్టారంతటివాడు పూల మీదనుంచి మెడ సాచి చూశాడు.

పన్నెండోది నా పాట. దాని మధ్యలో వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. నేనొక్కణ్ణే ఒక పొడుగు స్వరం పడతా. నేను వదిలాక మాస్టారు కర్రకి కర్ర తగిలించి నాలుగు దెబ్బలు లెక్కిస్తాడు. ఐదో దెబ్బకి అందరూ ఒక్కసారిగా అందుకోవాలి.

స్వరం పట్టా. హాలంతా చప్పట్లు, ఈలలు. కళ్లు మూసుకుని తేలిపోతున్నా... ఎందుకో తెరిచా. బాబాయ్ పాదాలు కనబడ్డాయి. కాలివేళ్లు చెక్కల మీద వెతుక్కుంటున్నాయి.

డ్రమ్ము ఆగిపోయిందిగా!

కర్రల చప్పుడు గాల్లోది. చెవికి తప్ప కాలికి అందదు. నేను స్వరం వదిలిన మరుక్షణం బాబాయ్ పని అయిపోయినట్టే...

అందుకే వదల్లేదు.

ఆ స్వరం గురించి నలభయ్యేళ్లుగా చెప్పుకుంటున్నా — నిమిషంన్నర! కాదు, రెండు నిమిషాలు! జనం గడియారాలు చూసుకున్నారు. కానీ ఎందుకు లాగానో ఎవరికీ చెప్పలేదు. చెయ్యి ఊపా... బాబాయ్ కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. ఆయన వైపు నడిచా... నాలుగడుగులకే మైకు వైరు బిగిసి ఆపేసింది. మడమతో నేలని బాదా... సిమెంటు. నా కాలు అదిరింది తప్ప మరేమీ అదరలేదు. గుండెలు మండాయి. కళ్ల ముందు చుక్కలు తిరిగాయి.

ఇక ఊపిరి లేదు. వదిలేశా.

టక్... టక్... టక్... టక్...

దబ్బున అందుకున్నారందరూ. అందరికంటే కచ్చితంగా — బాబాయ్! వెంట్రుకవాసి తేడా లేదు.

పెళ్లివాళ్లు వెళ్లిపోయాక సామాను సర్దుతుంటే, "వచ్చే పెళ్లికీ నువ్వే, బాబాయ్" అన్నాడు మాస్టారు, ఆయన ముందుకొచ్చి మరీ. బాబాయ్ నన్ను పక్కకి లాగి గట్టిగా వాటేసుకున్నాడు. చెంపలు తడి.

"నీ మేలు మరిచిపోనురా. నాలుగుసార్లు మడమతో తట్టావు చూడు... సరిగ్గా నా పాదాల కిందే తట్టినట్టుంది."

నేను తట్టింది స్వరం మధ్యలో. వదిలాక తట్టే ఓపికెక్కడిది? మైకు స్టాండు పట్టుకుని వేలాడుతున్నా.

చెయ్యని ఘనకార్యాలు వెయ్యి చెప్పుకున్న నోరు ఇది. "అవును బాబాయ్... నేనే" అనడానికి ఆ ఒక్కరాత్రే వణికింది.

అందరూ వ్యాను ఎక్కారు. మైకు వైరు మరిచానని వెనక్కి వెళ్లా. దీపాలు సగం ఆర్పేశారు. పూలకుండీ ఇంకా పక్కనే ఉంది. బూట్లు విప్పి... ఆ చెక్కల మీద నిలబడ్డా.

ఏమీ లేదు.

నాకే నవ్వొచ్చింది. పోతూ పోతూ, ఊరికే, ఆ పొడుగు స్వరం చివరి ముక్క సన్నగా తీసి... వదిలా.

పాదాల కింద — టక్... టక్... టక్... టక్...

ఆగింది.

నా కోసం ఆగింది... ఈసారైనా కలిసి అందుకుందామని.

వేల పాటలు పాడాను నేను. అందుకోకుండా వచ్చేసింది అదొక్కటే. బూట్లు కూడా అక్కడే వదిలేశాను.