కుట్టుమిషను చోట లాప్‌టాప్

బొమ్మనహళ్ళిలోని ఆ చిన్న ఇంట్లో శుక్రవారం పూజ సాంబ్రాణి పొగ ఇంకా పోలేదు. రంజిత మాత్రం దేవుడి వైపు కూడా చూడకుండా లాప్‌టాప్ ముందు కూర్చుంది. కిటికీ కింద ఆ చోట నిన్నటిదాకా అమ్మ కుట్టుమిషను ఉండేది.

బెళ్ళందూరులో ఒక కంపెనీ ఉచితంగా పని నేర్పి ఉద్యోగమిస్తానని రంజితకు సీటిచ్చింది. విండోస్‌కు బదులు లినక్స్ నడిచే లాప్‌టాప్‌తో ఈ రోజే రావాలి, లేకపోతే సీటు వేరేవాళ్ళకు పోతుంది. అదే జరిగితే సోమవారం నుంచి అమ్మలాగే బట్టలు కుట్టే గార్మెంట్స్ ఫ్యాక్టరీకి పోవాల్సిందేనని నాయన ఓబళప్ప తేల్చి చెప్పేశాడు.

చవకలో దొరికే పాత లాప్‌టాప్‌లన్నీ లినక్స్‌కు పనికిరావు. ఒకదానిలో వైఫై రాదు, ఇంకొకదానిలో శబ్దం రాదు. అందుకే లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి, నడిపి చూశాకే తీసుకోవాలని అమ్మకు లక్షసార్లు చెప్పింది. భాగీరథమ్మ వింటేనా! కూతురు సంబరపడుతుందని చెప్పాపెట్టకుండా కుట్టుమిషను పాత సామాన్లమ్మే అంగడివాడికిచ్చి, బదులుగా దీన్ని నిన్న సాయంత్రం చంకన పెట్టుకొచ్చింది.

రంజిత పెన్‌డ్రైవ్ గుచ్చి ఆన్ చేసింది. పాత విండోసే వచ్చింది. పెన్‌డ్రైవ్ ఒకటుందని కూడా లాప్‌టాప్‌కు తెలియలేదు. పక్క రంధ్రంలో పెట్టి చూసింది. అదే కథ.

"ఏమే పాపా, అట్లా బిగుసుకపోయినావు?" వంటింట్లోంచి వచ్చింది భాగీరథమ్మ.

"ఇది లినక్స్‌ను తీసుకోలేదమ్మా."

"అదేంది? అంగడాయప్ప అన్నీ నడుస్తాయన్నాడే!"

"వానికేం, అంటాడు! నేను చూసినంక తీసుకోమన్నా కదా. మిషను ఇచ్చేయమని నిన్నెవరడిగినారు? నా సీటూ పాయ, నీ మిషనూ పాయ!"

భాగీరథమ్మ ముఖం పాలిపోయింది. గడప దగ్గర చెప్పులేసుకుంటున్న ఓబళప్ప తల తిప్పాడు.

"నేను ముందే చెప్తిని. ఫ్యాక్టరీ సూపర్‌వైజరుతో మాట్లాడినా. సోమవారం పొయ్యి చేరు."

ఫ్యాక్టరీ మిషన్ల మోతలో చెవులు దిబ్బడపడి, నడుం పట్టుకుని ఇంటికొచ్చే అమ్మను రంజిత చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉంది. పెన్‌డ్రైవ్ బయటికి లాగింది. కొసన పసుపుపచ్చగా ఏదో అంటుకుని ఉంది. వాసన చూస్తే గంధం.

"అమ్మా, ఇదేంది?"

భాగీరథమ్మ కొంగు మెలిపెట్టసాగింది.

"శుక్రవారం కదా... మిషనుకు పెట్టినట్టే దీనికీ గంధం పెట్టినా. పైన పెడితే నువ్వు కసురుకుంటావని, పక్కన ఆ బొక్కల్లో అద్దినా. దీనికి నొసలు యాడుంటాదో నాకు తెలీలేదు తల్లీ. చెడిపోయిందా?"

ఇచ్చేసిన మిషను గురించి అమ్మ నిన్నటినుంచీ ఒక్క మాటా అనలేదు. ఇప్పుడు కూతురి ముందు తప్పు చేసిన పిల్లలా నిలబడి ఉంది.

రంజిత లాప్‌టాప్ ఆపి, కొత్త టూత్‌బ్రష్‌తో ఎండిన గంధాన్ని మెల్లగా గీకింది. మళ్ళీ పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేసింది. తెర నల్లగానే ఉండిపోయింది. అంతలో తెల్లటి అక్షరాలు బిలబిలమంటూ పరుగెత్తాయి. లినక్స్ వచ్చింది. శబ్దం వచ్చింది. వైఫై మాత్రం వెతుకుతూ, వెతుకుతూ, చివరికి ఇంటి ఓనరు వెంకటగిరియప్ప నెట్‌వర్క్ పేరు చూపించింది.

"ఒప్పుకునిందా?" భాగీరథమ్మ గుసగుసగా అడిగింది.

"ఒప్పుకునిందమ్మా," అంటూ రంజిత తల్లిని చుట్టేసుకుని భోరుమంది. "నోటికొచ్చినట్టల్లా అనేస్తినే నిన్ను!"

ఓబళప్ప గడప దగ్గరే ఆగాడు. "బ్యాగులో పెట్టుకో. బస్సు దాకా నేనొస్తా," అన్నాడు.

రంజిత లాప్‌టాప్ మూత వేసి, దేవుడి దగ్గరి కుంకుమ భరిణె తెచ్చింది. తల్లి చేతిని పట్టుకుని మూత నడిమధ్యన బొట్టు పెట్టించింది.

"దీని నొసలు ఇక్కడుంటాదమ్మా. ప్రతి శుక్రవారం ఇక్కడే పెట్టు."