రెండు వంకరల తాళం

నంద్యాల పాత పుస్తకాల అంగట్లో కొన్న సర్వే పుస్తకం అట్ట చిరిగి, అందులోంచి ఒక పటం జారిపడింది. నల్లమలలో ఒక వాగు, పక్కనే గుహ, గుహలో పెట్టె బొమ్మ. ఆ పటం పట్టుకుని విరూపాక్షి పదకొండేళ్ళుగా ఆ గుహ తప్ప మిగిలిన గుహలన్నీ తిరిగాడు. ఈసారి భార్య సువర్ణ కూడా బయలుదేరింది. ఆమెకు నిధుల మీద నమ్మకం లేదు. ఆమె పిచ్చి వేరు. తాళంచెవి లేకుండా తాళాలు తెరవడం. అందుకోసమే నలభై తాళంకప్పలు కొనిపెట్టుకుంది. ఒక్కోదానికి చెవి దూరే సందు ఒక్కో తీరు. సన్నటి పుల్లతో లోపలి పిన్నులను ఒక్కొక్కటే సరైన ఎత్తుకు లేపి, తాళం టక్కున విడిపోయిందంటే ఆ పూట ఆమెకు అన్నం కూడా అక్కర్లేదు.

దారి చూపింది చెంచు ఈదన్న. వెదురుపొదలు నరుక్కుంటూ, వాగు రాళ్ళ మీద దూకుతూ ముగ్గురూ మధ్యాహ్నానికి గుహ చేరారు. ముఖద్వారానికి ఎవరో ఎప్పుడో బిగించిన ఇనుప ఊచల తలుపు బార్లా తెరిచి ఉంది. గొళ్ళేనికి ఒక తాళంకప్ప ఊరికే వేలాడుతోంది. మగవాళ్ళిద్దరూ లోపలికి పరుగెత్తారు. సువర్ణ మాత్రం తాళం దగ్గరే ఆగిపోయింది. సందు రెండు వంకరలు తిరిగి ఉంది. అలాంటిది ఆమె జన్మలో చూడలేదు.

వాన మొదలైంది. ఆమె లోపలికి జరిగి తలుపు లాగింది. తాళం గొళ్ళేనికి బిగిసి ఉంటే పుల్లతో తెరిచేటప్పుడు కదలదు కదా అని, ఊచల మధ్య నుంచి చేతులు చాపి తాళాన్ని నొక్కేసింది. రెండు నిమిషాల పని అనుకుంది. తీరా చూస్తే ఆమె పుల్లల్లో ఒక్కటీ ఆ సందులో దూరలేదు.

"దొరికింది సువర్ణా, దొరికింది." విరూపాక్షి ఇనుపపెట్టెను పసిబిడ్డలా ఎత్తుకుని వచ్చాడు.

"తలుపు యాల మూసినావమ్మా?" అన్నాడు వెనకే వచ్చిన ఈదన్న.

"తాళం వేశాను. ఊరికే, చూద్దామని."

అప్పటికే వాగు పొంగింది. ఎర్రనీళ్ళు ఊచల మధ్య నుంచి తోసుకొచ్చి గుహ చివరనున్న బిలంలోకి దూకుతున్నాయి. రాయితో కొడదామంటే చెయ్యి ఊపే చోటు లేదు. "నడుము దాకా వస్తే నిలబడలేం, తల్లీ" అన్నాడు ఈదన్న.

"నీ పిచ్చి తగలెయ్య" అన్నాడు విరూపాక్షి.

"తర్వాత తిడుదురుగాని. ముందు మీ సంచిలోని గొడుగు విరవండి."

గొడుగు పుల్లను బండకు అరగదీసి దారంలా చేసింది సువర్ణ. జడపిన్ను వంచి తాళాన్ని తిప్పే సాధనం చేసుకుంది. ఈదన్న ఆమె వెనక నిలబడి వరదకు కొట్టుకుపోకుండా వీపుతో ఆపాడు. పుల్ల దూరింది. కానీ నీటి ఊపుకు తాళం ఆగడం లేదు.

"తాళాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి."

"మరి పెట్టె?"

ఆమె అతని వైపు చూసింది. భార్య ముఖంలో భయాన్ని విరూపాక్షి అప్పుడే చూశాడు. పెట్టెను కిందపెట్టాడు. వరద దాన్ని రాళ్ళ మీదుగా ఈడ్చుకుపోయి బిలంలో పడేసింది. అతను తల తిప్పలేదు.

ఒక పిన్ను లేచింది. రెండోది, మూడోది. నాలుగోది మొరాయించి అన్నీ జారిపోయాయి.

"మళ్ళీ చెయ్యి. నేను పట్టుకునే ఉన్నా" అన్నాడు.

నీళ్ళు తొడల దాకా వచ్చాక తాళం టక్కుమంది.

గట్టెక్కి బండ మీద కూలబడి ముగ్గురూ పిచ్చిగా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ సువర్ణ ఏడ్చేసింది. "పదకొండేళ్ళు తిరిగారు. నా వల్లే పోయింది."

విరూపాక్షి గుప్పిట విప్పాడు. తాళం అతని చేతిలోనే ఉంది. దాన్ని మళ్ళీ నొక్కేశాడు. "పిన్నులు లేస్తుంటే నా బొటనవేలికి తెలిసింది సువర్ణా. అది విడిపోయినప్పుడు కలిగిన సంతోషం పెట్టె ఎత్తుకున్నప్పుడు కూడా కలగలేదు. ఆ పుల్ల ఇటియ్యి. ఎక్కడ పెట్టాలి?"

"పొద్దు వాలుతాంది, పోదాం పా సామీ" అన్నాడు ఈదన్న.

"ఒక్క నిమిషం ఉండు ఈదన్నా. మొదటి పిన్ను లేచింది."

అది లేవలేదని సువర్ణకు తెలుసు. చెప్పలేదు.