ఎడమచేతి దీవెన

అసుర సంధ్యవేళ... నారిచ్ నగరాన్ని కారుమేఘాలు కబళించాయి! చర్చి గోపురం మీద గుడ్లగూబ కర్ణకఠోరంగా కూసింది. చెక్కడపు పనివాడు స్కెరిట్ ఇంట్లో టాబితా అడుగుపెట్టింది.

గోడ నిండా పాదిరీల అచ్చుబొమ్మలు... నల్లని అంగీలు, తెల్లని విగ్గులు, దీవిస్తూ ఎత్తిన చేతులు. అన్నీ ఎడమచేతులే! స్కెరిట్ రాగిరేకు మీద కుడిచేతిని ఉన్నదున్నట్టే చెక్కుతాడు. కాగితం మీద అచ్చేస్తే అది ఎడమచెయ్యిగా తారుమారవుతుంది. చేతకానివాడని ఊరంతా నవ్వుకుంది. వాడి చేతబడి గుట్టు అదే. ఎడమచేతి దీవెన శాపమై, అచ్చుపడిన రోజే ఆ పాదిరీలందరినీ మింగింది.

ఇప్పుడు టాబితా తండ్రి, పాదిరీ పెల్, ఇంట్లో ఎగశ్వాసతో కొట్టుకుంటున్నాడు.

"వచ్చావా తల్లీ," అంటూ స్కెరిట్ ఇకిలించాడు. కపాలం కాల్చి నూరిన సిరా వాడి వేళ్ళకి అంటుకునే ఉంది. అచ్చుయంత్రం మీంచి కాగితం ఒలిచి చూపించాడు. "ఇదిగో మీ నాన్న. సిరా ఆరేలోగా ప్రాణం ఇందులోకొచ్చేస్తుంది. ఏడవాలంటే ఇంటికెళ్ళి ఏడు."

బొమ్మలో కనుపాపలు కదిలాయి...! టాబితా దగ్గరికి వంగి చూసింది. అయినా ఏడవలేదు. తండ్రి బొమ్మకి కూర్చున్నన్నాళ్ళూ ఆమె పక్కనే ఉంది. వీడి పని అలవాట్లూ చూసింది, పొగరూ చూసింది.

"మా నాన్నకి మెల్లకన్ను లేదు," అంది.

"ఏం కూశావ్?"

"కన్ను వంకరపోయింది. అందుకే నిన్ను గిన్నెల మీద పేర్లు చెక్కుకోమంటోంది ఊరు."

స్కెరిట్ ముఖం జేవురించింది. బొమ్మని రేకుతో పోల్చి తప్పు పట్టాలంటే, తడి ఆరకముందే దానిమీద తెల్లకాగితం పరిచి మళ్ళీ నొక్కాలి. ఆ ఎదురచ్చు రేకు మీద ఉన్నట్టే పడుతుంది. రోషంలో వాడికి ఇంకేం గుర్తురాలేదు. చక్రం తిప్పి కాగితం ఎత్తాడు...

కుడిచెయ్యి!

ఫెళఫెళమని పిడుగు! దీవించడానికి అలవాటుపడ్డ ఆ చెయ్యి కాగితంలోంచి లేచి, శాంతంగా వాడి నుదుటి మీద ఆనింది. గోడ మీది కళ్ళన్నీ వాడివైపు తిరిగాయి.

"వద్దు... వదలండి దొరా..."

కేక సగంలో తెగిపోయింది. చట్రాల్లో తెల్లకాగితాలు మిగిలాయి. రాగిరేకు మీద నోరు తెరుచుకున్న స్కెరిట్ ముఖం మిగిలింది.

టాబితా ఆ రేకు చంకలో పెట్టుకుని ఇంటికి పరుగెత్తింది. తండ్రి దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. కుడిచేతి వేళ్ళకి నల్లని సిరా.

"ఎక్కడ తిరుగుతున్నావే? ఆకలేస్తోంది."

అప్పుడు ఏడ్చింది టాబితా, కరువుతీరా.

ఆ రేకుని ఆమె బార్లీ గంజికుండ మీద బోర్లించి మూతగా వాడుకుంది. ఆవిరి తగిలినప్పుడల్లా లోపల్నుంచి ఎవరో, కాగితం మీదికి బయటపడటానికి ఒక్క చుక్క సిరా కోసం దీనంగా బతిమాలుకుంటారు... టాబితా ఇంకో కట్టె ఎగదోస్తుంది.