మార్పు లేని ఆసుపత్రి

2081 నాటికి కాకినాడ తీరానికి అవతల, నీటి మీద తేలే జలపురి పట్టణంలో లక్షమంది కాపురముంటున్నారు. అక్కడి ఆసుపత్రి మెట్ల దగ్గర లాంచీ దిగిన హైమవతి ముఖం వెలిగిపోతోంది. ఆమె కనిపెట్టిన ‘మార్పుముద్ర’ను ఏడాది కిందట మొదట బిగించింది ఇక్కడే.

వెనకటి జావా ప్రోగ్రాముల్లో, ఒక రికార్డు చివరిసారి ఎప్పుడు మారిందో నమోదయ్యేలా చూసే పని ప్రోగ్రామరుది. అతను మరిచిపోతే తేదీ ఉండదు. కావాలనుకుంటే ఏ తేదీ అయినా వేయవచ్చు. మార్పుముద్ర అలా కాదు. డేటాబేస్ అడుగున కాపలా కూర్చుంటుంది. ఒక్క అక్షరం కదిలినా, చివరిగా ఎవరు, ఏ క్షణాన కదిలించారో తనంతట తానే రాసుకుంటుంది. దాన్ని చెరపడం హైమవతి తరం కూడా కాదు.

మొదటి నెలలో ఈ ఆసుపత్రి రికార్డుల్లో ఒక్క దిద్దుబాటు జరిగింది. ఆ తర్వాత పదకొండు నెలలూ సున్నా. తప్పులే లేవన్నమాట. ఆ సున్నాను చూసే రేపు పదకొండు రాష్ట్రాలు ఒప్పందం మీద సంతకం చేయబోతున్నాయి.

వార్డులో పడవల మెకానిక్ సూరాడ పోలయ్యకు నర్సు కరుణమ్మ సూదిమందు సిద్ధం చేస్తోంది. మంచం పక్కనున్న కంప్యూటర్ తెరవైపు చూడనే లేదు. సొరుగులోంచి ఒక నోటుపుస్తకం తీసి చూసుకుంది.

“తెర ఉండగా అదెందుకండీ?” అంది హైమవతి.

“తెరలో ఈయనకి పెన్సిలిన్ పడుద్దని ఉందండి. పడదు. పోయిన నెల అది చూసే ఇచ్చారు. ఊపిరాడక ప్రాణం మీదకొచ్చేసింది.”

“మరి దిద్దలేదేం?”

“కొత్తలో మా తోటి నర్సు మేరీ ఒకటి దిద్దిందండి. తప్పు రాసిందెవరో గానీ, చివర చెయ్యి పెట్టింది అదేనని ఆర్నెల్లు విచారణకి తిప్పారు. అప్పట్నించి ఎవరం ముట్టుకోలేదు. ఇందులో అయితే పేరు పడదు కదండి.”

హైమవతి పేజీలు తిప్పింది. నాలుగు వందల పైచిలుకు దిద్దుబాట్లు. ఎక్కడా సంతకం లేదు, తేదీ లేదు.

ఆమె తెర ముందు కూర్చుని పోలయ్య రికార్డులో ‘పడదు’ అని కొట్టింది. యంత్రం మృదువుగా అడిగింది: “ఈ మార్పు హైమవతిగారి పేరున నమోదవుతుంది. కానిమ్మంటారా?”

రేపటి సంతకాల సభ కళ్లముందు మెదిలింది. సున్నా ఉండాల్సిన చోట ఒకటి, దాని పక్కన తన పేరు. ఎందుకు దిద్దారని అడుగుతారు. పుస్తకం సంగతి చెప్పాలి. వేలు చాలాసేపు గాలిలోనే ఉండిపోయింది.

“దిద్దీసినారా అమ్మా?” మంచం మీంచి పోలయ్య అడిగాడు.

హైమవతి ‘వద్దు’ నొక్కి, తెర మూసేసి లేచింది. అతనివైపు చూడలేదు.

“కరుణమ్మగారూ,” అంది చిన్నగా, “పోలయ్యగారిది పుస్తకంలో కాస్త పెద్ద అక్షరాలతో రాయండి.”