సోంబరుకి వచ్చిన ఉత్తరం

కరకపుట్టు మలుపులో రాత్రిపూట ఎవరైనా బండి అద్దం తడితే పలకకూడదు.

ఆ రోజుల్లో అరకు దారిలో స్టీరింగు పట్టిన ప్రతివాడికీ ఈ మాట తెలుసు. మలుపు పక్కన కల్వర్టు. కల్వర్టు కింద గెడ్డ, అంటే కొండవాగు. గెడ్డ ఒడ్డున పెంకులు జారిపోయిన ఒంటి గది — పాత పోస్టాఫీసు. తలుపుకు తాళం ఉండేది గానీ, ఉత్తరాలందించే కిటికీకి రెక్క లేదు. చీకటి పడ్డాక అక్కడ బండి కాస్త నెమ్మదిస్తే చాలు... అద్దం మీద వేలి కణుపులతో కొట్టిన చప్పుడు.

టక్... టక్...

ఆ తర్వాత ఒక గొంతు. నీళ్ళలో నానినట్టుండే గొంతు.

"బాబూ... నాకు ఉత్తరం వచ్చిందా?"

వచ్చిందనకూడదు. రాలేదనకూడదు. అసలు నోరే విప్పకూడదు. మిరియాల లోడుతో వస్తున్న ఒక డ్రైవరు తెలీక "ఏ ఉత్తరం?" అన్నాడట — మూడు రోజులు వాడు నోరు తెరిస్తే మాటకి బదులు బురదనీళ్ళు వచ్చాయట.

మరి నీకు భయం వెయ్యలేదా అంటారా? నేనెవర్ననుకున్నారు! సాలూరు సన్యాసిరావుని. లారీలు పుట్టిన ఊళ్ళో పుట్టినవాణ్ణి. అనంతగిరి ఘాటీలో ఆ రోడ్డు అన్ని వంకర్లు తిరిగిందంటే నా స్టీరింగు తిప్పుడికి లొంగిపోయే తిరిగింది. బ్రేకులు పోయిన లారీని ఎడమకాలి చెప్పు నేలకి ఆనించి ఆపిన మొనగాణ్ణి. దారికి అడ్డంగా పడుకున్న చిరుతకి హారన్ కొడితే, అది లేచి, తోక ముడిచి, నాకు సైడిచ్చి మరీ పోయింది. కావాలంటే ఆ చిరుతనే అడగండి.

అలాంటి నేను కూడా ఆ మలుపులో... సరే, వరసగా చెబుతాను.

సోంబరు కొండమీది గిరిజన గుంటడు. ఆ పై ఊళ్ళన్నిటికీ డిగ్రీ చదివింది వాడొక్కడే. విశాఖపట్నంలో ఒక సర్కారు ఆఫీసులో ఏజెన్సీ గిరిజనులకని ఒక్కటంటే ఒక్క ఉద్యోగం ఉంటే, పరీక్ష రాసొచ్చాడు. ఇంటర్వ్యూకి ఉత్తరం వస్తుందన్నారు. తొంభై ఎనిమిది జులై అది. ఆ నెలంతా సోంబరు రోజూ ఏడు కిలోమీటర్లు కొండ దిగి, గెడ్డ దాటి పోస్టాఫీసు కిటికీ దగ్గరకు వచ్చేవాడు. ఒకటే మాట అడిగేవాడు. కిటికీ లోపలినుంచి ఒకటే జవాబు — "రాలేదు. రేపు రా."

నెలాఖర్లో వాన కుమ్మేసింది. ఆ రోజు కూడా వచ్చాడు. గెడ్డ వాణ్ణి దాటనివ్వలేదు. రెండో రోజు కల్వర్టు కింద దొరికాడు, కుడి చెయ్యి పైకెత్తి... కిటికీ తడుతున్నట్టు.

అప్పట్నుంచే ఆ మలుపుకి ఆ చెడ్డపేరు. పోస్టాఫీసుని బడి వరండాలోకి మార్చేశారు.

ఆ కిటికీ లోపల కూర్చున్న పోస్టుమాస్టరు పేరు ప్రేమ్‌కుమార్. పాతికేళ్ళవాడు. వాళ్ళ నాన్న మైదానం నుంచి వచ్చి కరకపుట్టులో కొట్టు పెట్టుకున్న షావుకారు. వీళ్ళకీ గిరిజనానికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా నవంబరులో ఊరంతా గుప్పుమంది — విశాఖలో ఆ ఏజెన్సీ ఉద్యోగం ప్రేమ్‌కుమార్‌కి వచ్చిందని! గిరిజనుడని కాగితం ఎక్కడ పుట్టించాడో వాడికే తెలియాలి.

నవంబరు ముప్పై, సోమవారం, ఉదయం పదిన్నర లోపల చేరాలి. అదే ఆఖరు గడువు. పదిన్నర దాటితే ఉద్యోగం పోయినట్టే. విశాఖలోనే మర్రిపాలెంలో అద్దె ఇల్లు చూసుకున్నాడు. ఇల్లు మార్చడానికి నా మెటడోరు వ్యాను మాట్లాడుకున్నాడు. చీకటుండగానే బయల్దేరితే సామాను దించేసి, స్నానం చేసి, చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ ఆఫీసుకి వెళ్ళొచ్చని లెక్క.

రాత్రి రెండింటికి లోడు చేశాం. మంచం, పరుపు, బీరువా, గ్యాస్ సిలిండరు, ఒక ట్రంకుపెట్టె. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే కత్తితో కోసి మూటకట్టుకోవచ్చు. బీరువా నేనొక్కణ్ణే వీపు మీద ఎత్తి పెట్టాను — అది వేరే సంగతి.

తాడు కడుతుంటే మంచులోంచి ఒక ముసలామె వచ్చి నిలబడింది. సోంబరు తల్లి, ముత్యాలమ్మ.

"ఎల్తన్నావా బాబూ?" అంది ప్రేమ్‌కుమార్‌తో.

"ఆ... ఎల్తన్నానే అవ్వా. డ్యూటీలో చేరాలి."

"ఏ ఊరు?"

"విశాఖపట్నం."

ముసల్ది బండి చుట్టూ ఒకసారి తిరిగింది. పరుపుకీ బీరువాకీ మధ్య సందుని చేత్తో తడిమి చూసింది.

"ఇక్కడ కూసింత సోటుంది. మా సోంబరు కూడా అక్కడికే ఎల్లాలి. దారిలో ఎక్కుతాడు. బండి ఆపు బాబూ."

ప్రేమ్‌కుమార్ నాకేసి తిరిగి గొణిగాడు. "కొడుకు పోయాక మతి చెడిపోయింది బాబాయ్... బేగి పోనీ."

ముత్యాలమ్మ పక్కకి తప్పుకుంది. మేం కదిలాక అద్దంలో చూశాను. దారి మధ్యలో నిలబడి చెయ్యి ఊపుతోంది. మాకు కాదు... వెనక తొట్టిలోకి.

ఘాటీ దిగుతున్నాం. ప్రేమ్‌కుమార్‌ మఫ్లరు చుట్టుకుని కునుకు తీస్తున్నాడు. చొక్కా జేబులో ఆర్డరు కాగితం, దానిమీద అరచెయ్యి. కరకపుట్టు మలుపు దగ్గర పడింది. నేను గేరు మార్చాను. కిలోమీటరు రాయి దాటింది. కల్వర్టు దాటుతోంది...

టక్... టక్...

అతని పక్క అద్దం మీద. బండి ముప్ఫై మీద పోతోంది. పక్కన పరిగెత్తే మనిషి లేడు. వేలి కణుపులు మాత్రం ఉన్నాయి.

"బాబూ... నాకు ఉత్తరం వచ్చిందా?"

నేను పళ్ళు బిగించాను. పక్కకి చెయ్యి చాచి ప్రేమ్‌కుమార్‌ నోరు ముయ్యబోయాను — అప్పటికే ఆలస్యమైంది. నాలుగేళ్ళు ఆ కిటికీ వెనక కూర్చున్నవాడు కదా! కళ్ళు మూసుకునే, నిద్రలోనే, రోజూ అన్నట్టే అన్నాడు...

"రాలేదు. రేపు రా."

అని, తన మాట తనకే వినపడి, దిగ్గున లేచాడు.

అద్దం మీద ఏమీ లేదు. అయిదు వేళ్ళ తడి మాత్రం ఉంది.

"ఎవరు బాబాయ్?"

"నువ్వే చెప్పాలి!" అని యాక్సిలరేటరు తొక్కాను. తొక్కితే మామూలుగా కాదు — మెటడోరు గాలిలో తేలింది. రెండు మైళ్ళు పోయుంటాం. మంచు కాస్త విడింది. లైటు వెలుగులో ఒక కిలోమీటరు రాయి. దాని వెనక కల్వర్టు. దాని పక్కన రెక్క లేని కిటికీ.

అదే మలుపు.

టక్... టక్...

"బాబూ..."

"పలక్కు!" అన్నాను.

వాడు మఫ్లరు నోట్లో కుక్కుకున్నాడు. మళ్ళీ తోలాను. మళ్ళీ అదే రాయి. ఈసారి బండి బరువెక్కడం మొదలెట్టింది. డ్రైవరుకి తొట్టిలో ఎంత లోడుందో పిర్రలకి తెలుస్తుందండీ. పావు టన్ను సామాను వేసుకుని బయల్దేరానా — అది రెండు టన్నులైంది. అయిదైంది. ఫస్టు గేరులో కూడా మూలుగుతోంది. వెనక నుంచి బొటబొటా నీళ్ళు కారుతున్న చప్పుడు. వాన చుక్క లేని చలికాలం... పరుపులోంచి గెడ్డ పారుతోంది.

కల్వర్టు మీద ఇంజను ఆగిపోయింది.

నేను లైటు వేసి వాడి మొహంలోకి చూశాను. "ఒరే ప్రేమ్‌కుమారూ. నిజం చెప్పు. ఆ గుంటడికి ఉత్తరం వచ్చిందా, రాలేదా?"

"బాబాయ్..."

"చెప్పు! లేపోతే నిన్నిక్కడే దింపేసి పోతాను."

"వచ్చింది," అన్నాడు. పెదాలే కదిలాయి. "వాడు పోడానికి వారం ముందు, ఇద్దరికీ ఒకే రోజు వచ్చింది. ఇంటర్వ్యూకి వాడు కూడా వస్తే నాకెవడిస్తాడు బాబాయ్? వాడి మార్కులు ఎక్కువ... తారీకు దాటేదాకా దాచేద్దామనుకున్నా. వాడు గెడ్డలో పడతాడని నాకేటి తెల్సు?"

"వారం రోజులూ పెట్టెలో పెట్టుకుని, రేపు రా, రేపు రా అన్నావా?"

తలూపాడు.

"ఏటి సేసేవు దాన్ని? సింపేసేవా?"

"ముద్ర పడ్డ ఉత్తరం చింపితే చెయ్యి పడిపోతాదని పాత పోస్టుమాస్టరు చెప్పేవాడు... చింపలేదు. ట్రంకుపెట్టెలో ఉంది. పట్నం చేరాక సముద్రంలో వదిలేద్దామని..."

అద్దం మీద మళ్ళీ కొట్టలేదు. అద్దం అదే కిందికి దిగింది. హ్యాండిలు దానంతటదే తిరిగింది — మెల్లగా, ఒక్కో చుట్టూ.

ట్రంకుపెట్టె ఎవరు తెచ్చారని అడక్కండి. చెబితే నమ్మరు. మోకాలి లోతు నీళ్ళలో దిగి, తాళ్ళు పళ్ళతో తెంపి, ఒక్క చేత్తో లాక్కొచ్చింది నేనే. అడుగున, బట్టల మడతల కింద, గోధుమరంగు సర్కారు కవరు. ప్రేమ్‌కుమార్ దాన్ని రెండు చేతులా పట్టుకుని కిటికీలోంచి చాచాడు.

"వచ్చింది సోంబరూ... ఇదిగో. నీకు ఉత్తరం వచ్చింది."

చీకట్లోంచి ఒక చెయ్యి. గోళ్ళ కింద గెడ్డ ఇసుక. కవరు అందుకుంది. కాగితం విప్పిన చప్పుడు.

"ఇందులో ఏ తారీకు రాసుంది బాబూ?"

"ఆ... ఆగస్టు నాలుగు."

"ఈరోజెంత?"

"నవంబరు... ముప్పై."

తొట్టిలోంచి నీళ్ళు కారడం ఆగిపోయింది. గెడ్డ కూడా ఆగిపోయినట్టుంది. తర్వాత ఆ చెయ్యి కవరుని తిరిగి లోపలికి తెచ్చి, ప్రేమ్‌కుమార్‌ ఒళ్ళో పెట్టింది. అతని జేబు మీద ఒక్కసారి, చాలా మర్యాదగా, తట్టింది.

"అయితే దీన్ని నువ్వుంచుకో బాబూ. నేను బేగి ఎల్లాలి."

అంతే. తాళం తిప్పకుండానే ఇంజను స్టార్టయింది. తొట్టి తేలికైంది. శృంగవరపుకోట చేరేసరికి తెల్లారి ఎండొచ్చింది. గడియారం చూస్తే ఎనిమిదిన్నర! రెండు గంటల దారిలో మేం ఆరు గంటలున్నాం.

"బాబాయ్, అందుకుంటామా?" వాడికి అదొక్కటే ధ్యాస.

"సన్యాసిరావు బండెక్కి అందుకోకపోవడం కూడానా!" అన్నాను. కొత్తవలస దగ్గర ఎక్స్‌ప్రెస్ రైలుని పక్కకి నెట్టి పోయాను. ఇల్లూ లేదు, స్నానమూ లేదు, సామానుతో సహా తిన్నగా ఆఫీసు గేటులోకి దూరాను. పది గంటల ఇరవై నిమిషాలు. ఇంకా పది నిమిషాలు గడువుంది! ప్రేమ్‌కుమార్ మెట్లు ఎక్కుతూ నవ్వాడు కూడా. దెయ్యానికి జవాబిచ్చి బతికి, ఉద్యోగం దక్కించుకున్న మొదటివాణ్ణి నేనే బాబాయ్ అన్నాడు.

సెక్షన్‌లో బిందుమాధవి గారని ఒక పెద్దావిడ ఫైళ్ళు సర్దుకుంటోంది.

"జాయినింగుకి వచ్చానండి. ఏజెన్సీ పోస్టు," అన్నాడు.

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుంది. "ఏజెన్సీ పోస్టా? అది ఒక్కటేగా. నిండిపోయింది. తొమ్మిదింటికి నేను తాళం తీసేసరికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు అబ్బాయి. పాపం, నిలువునా తడిసిపోయి ఉన్నాడు. తువ్వాలు ఇచ్చాను."

కిటికీలోంచి ఎండ ఫెళ్ళున కాస్తోంది.

"కాదండీ... ఆర్డరు నా దగ్గరుంది." ప్రేమ్‌కుమార్ జేబులోంచి కాగితం తీశాడు. మలుపు దాటాక దారంతా అరచెయ్యి తియ్యని కాగితం. ఆవిడ విప్పి చదివి, జాలిగా చూసింది.

"ఇది ఆర్డరెక్కడ బాబూ? ఇంటర్వ్యూకి పిలిచిన కాగితం. ఆగస్టు నాలుగున రమ్మన్నారు. మీకు ఉత్తరం ఆలస్యంగా అందిందా?"

నేను వాడి భుజం మీంచి తొంగి చూశాను. రాత్రి చెయ్యి వెనక్కిచ్చిన కాగితమే, ఆర్డరు బదులు జేబులో చేరింది — ఇసుక అంటుకుని ఉంది. దానిమీద సోంబరు పేరు లేదు. చక్కగా టైపు కొట్టి ఉంది... ప్రేమ్‌కుమార్, కరకపుట్టు.

"ఆ వచ్చినవాడి పేరేంటండీ?" అన్నాను.

ఆవిడ హాజరు పుస్తకం మా వైపు తిప్పింది. కొత్త సంతకం. సిరా ఆరలేదు. చుట్టూ కాగితం నాని, ఉబ్బి, నీటి మరక గుండ్రంగా పెద్దదవుతోంది... మేం చూస్తుండగానే.

"మీ ఊరివాడేనట. ప్రేమ్‌కుమార్ అని ఒకతను వస్తాడు, రాగానే కూర్చోబెట్టండి, మాట్లాడాలి అన్నాడు," అంది బిందుమాధవి గారు. లోపలి గదివైపు తిరిగి కేకేసింది. "సోంబరూ! మీవాళ్ళొచ్చారయ్యా!"

ప్రేమ్‌కుమార్ గోళ్ళు నా ముంజేతిలో దిగబడ్డాయి.

లోపల కుర్చీ వెనక్కి జరిగింది. గచ్చు మీద తడి కాళ్ళు... ఒక్కో అడుగూ... తెర వెనక దాకా వచ్చి, ఆగాయి.