చూడని కొండల రూట్

ఆ పాత ఊట దగ్గర త్రినాథ్ ఆగాల్సిన పని లేదు. ఆగలేదు కూడా.

దక్షిణ స్పెయిన్, అల్పుహర్రా కొండలు. 2010 మే నెల, ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర. మౌంటెన్ బైక్ మీద ఒంటరిగా దిగుతున్న త్రినాథ్‌ని ఎవరు చూసినా సెలవులకొచ్చిన టూరిస్టనే అనుకుంటారు. హెల్మెట్, నల్ల కళ్లద్దాలు, హ్యాండిల్‌బార్ మీద జీపీఎస్. సీటు కింద రిపేర్ కిట్‌లో, పంక్చర్ ప్యాచ్‌ల మధ్య మాత్రం గోరంత మెమరీ కార్డు ఉంది. క్షిపణుల విడిభాగాలను దొంగచాటుగా ఓడలెక్కిస్తున్న ముఠా ఫోటోలు ఆ కార్డులో ఉన్నాయి. దారి పక్కన రాళ్లతో కట్టిన ఊట కనిపించింది. దాని గొట్టంలోంచి నీళ్లు రాక ఏళ్లయింది. త్రినాథ్ అటు చూడనైనా చూడకుండా పెడల్ తొక్కాడు.

వెనకనుంచి ఒకే ఒక్క గుండు వచ్చింది. చప్పుడు కూడా సరిగ్గా లేదు. మనిషీ పోయాడు, కార్డూ పోయింది.

మర్నాడు పొద్దున్నే ఐర్లాండ్‌లో, నేవన్ ఊరి చివర ఒక ఇంట్లో, కృపాదానం ఫోన్ మోగింది.

"నీ బండికి పంక్చరైంది" అన్నారు గిరిజాకుమారి.

ఆవిడ గూఢచార విభాగాధిపతి. ఆ మాటకి అర్థం ఒకటే: మనవాడు పోయాడు. కృపాదానం టీ కప్పు బల్ల మీద పెట్టాడు. ఎవరని అడిగితే చెప్పారు. త్రినాథ్ ముఖం అతనెప్పుడూ చూడలేదు. కానీ ఆ చివరి రూట్ గీసింది మాత్రం తనే.

కృపాదానం ఉద్యోగం అదీ. బయటివాళ్లకి అతను మెడికల్ డివైసెస్ ప్లాంటులో వాలిడేషన్ ఇంజనీరు. లోపల విభాగానికి రూట్ మేకర్. కొండల్లో తిరిగే కొరియర్లకి ఫోనుండదు, ఉత్తరం ఉండదు. డబ్లిన్‌లో 'సియెర్రా సండేస్' అనే చిన్న టూర్ కంపెనీ వెబ్‌సైట్‌లో ప్రతి ఆదివారం ఒక కొత్త స్పెయిన్ రూట్ వస్తుంది. కొరియర్ అక్కడి కాఫీ హోటల్లో కంప్యూటర్ ముందు కూర్చుని, దాన్ని జీపీఎస్‌లోకి ఎక్కించుకుని, పన్నెండింటికి బయల్దేరతాడు. నియమాలు రెండే. రూట్‌లో మొదటి నీళ్ల గుర్తు ఎక్కడుందో అక్కడే కార్డు చేతులు మారుతుంది. నీళ్లే లేని రూట్ వస్తే ప్రమాదమున్నట్టు లెక్క, బయల్దేరకూడదు.

తమాషా ఏమిటంటే, అల్పుహర్రాలో ఏ ఊళ్లో ఏ ఊట ఎటు తిరిగి ఉందో కళ్లు మూసుకుని చెప్పగల ఈ కృపాదానం, స్పెయిన్ గడ్డ మీద ఒక్కసారైనా కాలు పెట్టలేదు. మ్యాపులు, శాటిలైట్ ఫోటోలు, బ్లాగులు, అంతే. రెండేళ్లుగా ఆ వంటింటి బల్ల మీదే కొండలెక్కి దిగుతున్నాడు.

ఆ ఇల్లున్న హౌసింగ్ ఎస్టేట్ సంగతి కూడా చెప్పాలి. నలభై ఇళ్లు కట్టారు. రిసెషన్ దెబ్బకి బిల్డర్ చేతులెత్తేశాడు. దీపాలు వెలిగేది ఏడిళ్లలో. పక్కింటి కృష్ణ మూర్తి గారు ఉద్యోగం పోయి, పెళ్లాం పిల్లల్ని తీసుకుని లండన్ వెళ్లిపోయారు. వెళుతూ వెళుతూ తమ వంటింట్లో ఉన్న పప్పుల డబ్బాలన్నీ తెచ్చి ఇతని అల్మారాలో సర్ది వెళ్లారు. ఆ తర్వాత అతనితో తెలుగులో మాట్లాడే మనిషి ఒక్కరే మిగిలారు.

ఆమని. సియెర్రా సండేస్ నడిపేది ఆవిడే. హైదరాబాదు మనిషి. ఎర్ర జాకెట్టు వేసుకుని విక్లో కొండల్లో సైకిల్ దిగుతుంటే ఐరిష్ కుర్రాళ్లు తమ బండ్లు ఆపుకుని చూసేవారు. రెండేళ్లుగా ఒక్క టూరు అమ్ముడుపోకపోయినా ముఖంలో నవ్వు చెరగలేదు. వెబ్‌సైట్ వాడుకోనిచ్చినందుకు విభాగం ఆమెను తమ మనిషిగా చేర్చుకుంది. రూట్లు ఎవరికోసమో తెలుసు గానీ నియమాలు ఆమెకు చెప్పలేదు. ప్రతి ఆదివారం నేవన్ వచ్చి, రూట్ అప్రూవ్ చేసి, డబ్బాలో పులిహోరో పెరుగన్నమో పెట్టి వెళుతుంది. కృపాదానం ఆ డబ్బాను ఖాళీగా తిరిగిచ్చేవాడు కాదు. వాళ్లమ్మ నేర్పిన అలవాటది. చాక్లెట్లో, బిస్కట్లో, ఏమీ లేకపోతే సైకిల్ ప్యాచ్‌లో, ఏదో ఒకటి వేసి ఇచ్చేవాడు.

గిరిజాకుమారి ఫోటోలు పంపారు. పాత ఊట వెనక పదకొండు సిగరెట్ పీకలు. చంపినవాడు కనీసం రెండు గంటలు అక్కడ కాచుకుని కూర్చున్నాడు.

"వెంటబడి వచ్చినవాడు కాదు. ముందే తెలిసి కూర్చున్నాడు. కానీ రూట్‌లో నీళ్ల గుర్తు అక్కడ లేదుగా? నాలుగు కిలోమీటర్ల కింద, ఊళ్లో ఉంది" అన్నారావిడ.

కృపాదానం తన పాత డ్రాఫ్టు తెరిచాడు. గుర్తు అక్కడే ఉండేది, డ్రాఫ్టులో. మంగళవారం ఒక స్పానిష్ సైక్లిస్టు బ్లాగులో ఆ ఊట ఎండిపోయిందని చదివి, గుర్తును కిందికి జరిపాడు. ఎండిన ఊటకి నీళ్ల గుర్తు పెట్టడం, చూడని కొండలకి రూటు గీసేవాడు మాత్రమే చేయగల పొరపాటు. ఆ డ్రాఫ్టు ఈ ప్రపంచంలో ఇద్దరే చూశారు. తనొకడు. అంతకు ముందు ఆదివారం ఇదే బల్ల దగ్గర కూర్చుని పులిహోర తింటూ, గొప్పకి పోయి తను చూపించిన మనిషి మరొకరు. నీళ్ల గుర్తు రహస్యం కూడా చెప్పేశాడు. రెండో నియమం చెప్పేలోగా పులిహోర అయిపోయింది, లేకపోతే అదీ చెప్పేవాడే. జరిపిన రూట్‌ని ఆమె తెరిచి చూడలేదు. ఆ వారం నేవన్ రాకుండా, చూసిందే కదా అని ఫోన్‌లోనే అప్రూవ్ నొక్కేసింది.

అతను దాచుకోలేదు. "తప్పు నాదే మేడమ్. మాట్లాడే మనిషి దొరికితే ఆగలేకపోయాను" అన్నాడు.

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. తర్వాత పని చెప్పారు. వచ్చే ఆదివారం అదే కార్డు రెండో కాపీతో ఏలీయా బయల్దేరతాడు. ట్రైనింగ్‌లో కృపాదానం గదిలోనే ఉండేవాడు ఏలీయా. రాత్రిళ్లు చలేస్తే తన దుప్పటి కూడా ఇతని మీదే కప్పేవాడు. మూడేళ్లుగా ఆ కొండల్లో ఎక్కడో ఉన్నాడు, ఎక్కడో విభాగానికీ తెలియదు. కొత్త రూట్ రాకపోతే పాత రూట్‌లోనే వెళ్లాలన్నది స్టాండింగ్ ఆర్డర్. అంటే త్రినాథ్ చచ్చిన దారిలో. వెబ్‌సైట్ తాళం ఆమని చేతిలో ఉంది. ఆమెను ముందే పట్టుకుంటే రూట్ ఎక్కదు. నీళ్లు లేని రూట్ పెడితే, నలభై కిలోమీటర్లు నీళ్లు లేకుండా ఎవడు తొక్కుతాడని చూడగానే అడుగుతుంది.

ఆరు రోజులు ఆలోచించి కృపాదానం ఒక రూట్ గీశాడు. దానిలో ఒకటే నీళ్ల గుర్తు.

ఆదివారం. స్పెయిన్‌లో పన్నెండంటే నేవన్‌లో పదకొండు. పదింటికి రావాల్సిన ఆమని పదీ నలభైకి వచ్చింది. ఎదురుగా ఖాళీ ఇంటి ముందు ఇద్దరు మనుషులు 'టు లెట్' బోర్డు పాతుతున్నారు. మారువేషంలో ఉన్న గార్డులు, అంటే ఐరిష్ పోలీసులు. ఆ ఎస్టేట్‌లో ఇల్లు అద్దెకు తీసుకునే మహానుభావుడెవడా అని ఆమె నవ్వుతూ లోపలికొచ్చింది. డబ్బా బల్ల మీద పెట్టి, లాప్‌టాప్ తెరిచి, రూట్ చూసి, భృకుటి ముడిచింది.

"గీ ఎండలో నలభై కిలోమీటర్లకి ఒక్కటే నీళ్ల జాగనా?"

"దిగుడు దారి. సరిపోతుంది."

"మళ్లీ గదే ఊట పెట్టినవేంది, కృపా? అక్కడనే కదా మొన్న పిలగాడు..."

ఆమె ఆగిపోయింది. త్రినాథ్ ఎక్కడ పోయాడో కృపాదానం ఆమెకు చెప్పలేదు. చెప్పినట్టే ఉండిపోయాడు. గడియారం పదీ యాభై ఆరు చూపిస్తోంది. కుర్చీ బర్రుమని లాగి కూర్చున్నాడు.

"ఒకసారి జరిగిన చోట రెండోసారి ఎవరూ కాపు కాయరండీ. అందుకే పెట్టాను" అన్నాడు.

ఆమె అతని కళ్లలోకి చూసింది. జాలిగా చూసిందని అతను ఇప్పటికీ అంటాడు. చూపుడు వేలు కీబోర్డు మీదే ఉంది, కదలదు. యాభై ఏడు. యాభై ఎనిమిది. యాభై తొమ్మిది దాటి నలభై సెకన్లకి ఆమె ఎంటర్ నొక్కింది.

రూట్ ఎక్కింది. బల్ల కింద ఆమె చెయ్యి ఫోన్‌లో ఏదో టైప్ చేసింది. కృపాదానం ఆ మెసేజ్ వెళ్లేదాకా ఆగి, గోడకి ఆనించిన తన సైకిల్ దగ్గరికెళ్లి, దుమ్ము దులుపుతున్నట్టు బెల్లు రెండుసార్లు కొట్టాడు. బెల్లు లోపల జామర్ ఉంది. ఆ క్షణం నుంచి ఆ ఇంట్లో ఏ ఫోనూ పనిచేయదు.

నెట్‌వర్క్ పోయిందని ఆమె విసుక్కుంది. ఈ ఎస్టేట్‌లో ఎప్పుడూ ఇంతేనన్నాడు. ఇక వాళ్లిద్దరూ అన్నం తినడం తప్ప చేయగలిగింది లేదు. ఆమె డబ్బా విప్పింది. చింతపండు పులిహోర, వేయించిన పల్లీలు. పెట్టినదంతా తిన్నాడు. ఆమె వాళ్ల నాన్న సైకిల్ షాపు గురించి చెప్పింది, చిన్నప్పుడు ట్యాంక్‌బండ్ మీద తొక్కిన తొక్కుళ్ల గురించి చెప్పింది. కంపెనీ ఈ నెలతో మూసేస్తున్నానని కూడా చెప్పింది. కృపాదానం అన్నీ విన్నాడు. అంత బాగా ఎవరూ అతనితో మాట్లాడింది లేదు. ఈ మనిషే త్రినాథ్‌ని అమ్మేసిందని పదే పదే గుర్తు చేసుకోవాల్సి వచ్చింది, మర్చిపోతానేమోనని భయమేసింది. అటు ఏలీయాకి ఆ ఊట ఎండిందని తెలుసో లేదో, తెలిసినా నీళ్లు లేని రూట్‌లో బయల్దేరకూడదన్న నియమం గుర్తుందో లేదో. తెలియకపోతే ఈ పులిహోర తింటున్న సమయంలోనే వాడు ఆ ఊట దగ్గరికి వస్తుంటాడు.

నాలుగున్నరకి 'టు లెట్' మనుషుల్లో ఒకాయన తలుపు తట్టి, నీళ్లివ్వమని అడిగాడు. అది సంకేతం. కృపాదానం బెల్లు మళ్లీ కొట్టి జామర్ ఆపాడు. వెంటనే ఫోన్ మోగింది.

"నీ బండి బాగుంది. స్టాండ్ కూడా తియ్యలేదు" అన్నారు గిరిజాకుమారి.

రూట్ చూడగానే, ఉన్న ఒక్క గుర్తూ ఎండిన ఊటేనని ఏలీయా నవ్వి, ఇంకో కాఫీ చెప్పి, కూర్చున్న చోటి నుంచి కదల్లేదట. హంతకుడు మాత్రం మెసేజ్ నమ్మి, ఒక్క నీళ్ల సీసాతో వచ్చి ఊట వెనక కాపు కాశాడు. పోయినసారి రెండు గంటలే కనుక సరిపోయింది. ఈసారి ఎంతకీ ఎవరూ రాలేదు. నాలుగు గంటలు ఎండలో మాడి, నాలుక పిడచగట్టి, తుపాకీ సంచీతో సహా ఊళ్లోకి దిగి, హోటల్ ముందు కూర్చున్న మనిషిని గుక్కెడు నీళ్లడిగాడు. ఆ మనిషి ఏలీయా. కడుపునిండా తాగించి, పోలీసులకి అప్పగించాడు.

ఆమనికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. గార్డు చేతిలో నీళ్లగ్లాసు ముట్టకుండా ఉంది, అది చూసింది. లేచి ఎర్ర జాకెట్టు జిప్పు పైకి లాక్కుంది.

"ఆ ఊట ఎండిందా?"

"ఎండిందట. నేను చూడలేదు."

"నేనూ చూడలే" అంది. తర్వాత తల దించుకుని, "మొదటిసారి నాకు తెల్వదు కృపా, చంపుతరని. రెండోసారి తెలుసు" అని, వాళ్లతో వెళ్లిపోయింది.

ఎస్టేట్ మళ్లీ ఖాళీ అయింది. కృపాదానం గిన్నెలు కడిగాడు. డబ్బా కడిగి తుడిచి, బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత అల్మారా తెరిచి, కృష్ణ మూర్తి గారు వదిలి వెళ్లిన శనగపప్పు తీసి నానబెట్టాడు. వడలు నాలుగు మాడిపోయాయి, ఆరు బాగానే వచ్చాయి. బాగా వచ్చినవి డబ్బాలో సర్ది, మూత పెట్టి, గిరిజాకుమారికి ఫోన్ చేసి, ఆమనిని ఉంచిన జైలు అడ్రస్ అడిగాడు.

"ఎందుకు?" అన్నారు గిరిజాకుమారి.

"ఖాళీ డబ్బా తిరిగిచ్చే అలవాటు లేదు మేడమ్."

"పంపు. కానీ ఈసారి వడల్లో ఏం వేశావో, ఎక్కడ వేయించావో, ఆమెకి మాత్రం చెప్పకు" అన్నారావిడ.